హెర్‌ఫర్డ్ దగ్గర సైడర్ రుచి చూశాం, కల్లు సంగతి తెలిసినవాళ్ళు ఒకసారి ఇటు రండి

బల్లార్షా పాతకాపు:
మా పెద్దమ్మాయి ఇంగ్లాండులో హెర్‌ఫర్డ్‌లో ఉంటుంది. అక్టోబరులో నేనూ మా ఆవిడా వెళ్ళినప్పుడు ఊరి బయట ఒక రైతు సొంతంగా సైడర్ తీసి అమ్మే చోటికి తీసుకెళ్ళింది. యాపిల్ రసాన్ని పులియబెట్టి చేసే మద్యం అది. బీరు కంటే కాస్త ఘాటు, 6, 7 శాతం దాకా ఉంటుంది. మహారాష్ట్ర వైపు తెలుగువాళ్ళం ఉన్న ఈ గ్రూపులో కల్లు గీసే ఇళ్ళవాళ్ళు ఉన్నారు కాబట్టి కొంచెం వివరంగానే రాస్తున్నా.

ముందు తోట సంగతి. మన బజార్లో దొరికే సిమ్లా యాపిల్స్ అనుకోకండి. ఇవి చిన్నవి, వంకరవి, తొక్క నిండా మచ్చలు. చెట్టెక్కి కొయ్యరు. బాగా పండి గడ్డిలో రాలిందాకా ఆగుతారు, మిగిలినవాటిని పొడుగాటి గెడతో కొమ్మ ఊపి రాలుస్తారు. పెద్ద తోటల్లో అయితే చెట్టునే కుదిపే మిషన్లున్నాయట. ఒకటి కొరికి చూడమన్నాడు ఆసామి. కొరికితే పచ్చి తునికికాయ కొరికినట్టు నాలుక పిడచకట్టుకుపోయింది. ఆయన నవ్వి, ‘అందుకే మా తోటకి దొంగల భయం లేదు’ అన్నాడు.

కడిగిన పండ్లను మర పట్టి గుజ్జు చేస్తారు. చెక్క చట్రం మీద గుడ్డ పరిచి, అందులో గుజ్జు పోసి నాలుగు కొసలూ లోపలికి మడుస్తారు. దాని మీద ఒక చెక్క తడిక, మళ్ళీ గుడ్డ, మళ్ళీ గుజ్జు. అలా నడుమెత్తు దాకా పేర్చారు. ఇంకా రసం పిండే ప్రెస్ తిప్పనే లేదు, పైబరువుకే అంచుల వెంట రసం కారడం మొదలైంది. గుడ్డలోంచి వచ్చేటప్పుడు లేతగా ఉన్న రసం తొట్టిలో చేరేసరికి ఇటుక రంగుకు తిరిగింది. చుట్టూ కందిరీగలు. అందరూ వాటి మధ్యనే పనిచేసుకుంటున్నారు, ఎవరూ తోలడం లేదు. చివరికి మిగిలే పిప్పి పశువులకు. అక్కడి పశువులు ఎర్ర ఒళ్ళు, తెల్ల మొహం, హెర్‌ఫర్డ్ జాతి.

రుచి చూడటానికి ఒక చెక్క పలక మీద చిన్న గ్లాసులు వరసగా పెట్టి ఇచ్చారు. మొదటిది పీపాలోంచి నేరుగా పట్టింది, నురగ లేదు, గ్యాసు లేదు, తీపి అసలే లేదు. నిజం చెప్పాలంటే మొదటి గుక్క మింగబుద్ధి కాలేదు. ముదురు చెడ్డర్ చీజ్ ముక్క తిని మళ్ళీ తాగమన్నారు. అప్పుడు దాని దారి దొరికింది. తర్వాత డాబినెట్ అనే ఒక్క రకం యాపిల్‌తోనే చేసింది. పులుపు తక్కువ, వగరు ఎక్కువ, గొంతులో గుండ్రంగా దిగింది. కింగ్‌స్టన్ బ్లాక్ అనే ఇంకో రకం, పులుపూ వగరూ రెండూ గట్టిగా ఉన్నాయి. దాన్ని చాలామంది ఆకాశానికెత్తుతారట, నాకు మాత్రం రెండో గుక్కకే చాలనిపించింది. ఆఖర్న పెర్రీ, అంటే పియర్ పండ్లతో తీసింది. నా ఓటు దానికే. పల్చగా, లేత పూలవాసనతో, కొసన రవ్వంత తీపి.

మరుసటి రోజు టౌన్లో పబ్బుకెళ్ళి అదే సైడర్ అని అడిగితే గ్లాసు నిండా ఐసు వేసి, గ్యాసు పొంగే తీపి నీళ్ళు ఇచ్చారు. అక్కడి చట్టం ప్రకారం 35 శాతం యాపిల్ రసం ఉంటే చాలు, సైడర్ అని అమ్మొచ్చు. తోటలో తాగినదానికీ దీనికీ పేరు తప్ప పొత్తు లేదు.

ధర్మాబాద్ మిర్చి:
కాకా, మా ఇంట్లో కూడా సైడర్ ఉంది. మా ఆవిడ పొద్దున్నే గోరువెచ్చటి నీళ్ళలో రెండు చెంచాలు పోసి ఇస్తుంది, పొట్ట తగ్గుతుందని. సంవత్సరం నుంచి తాగుతున్నా. పొట్ట అలాగే ఉంది, పళ్ళు మాత్రం జివ్వుమంటున్నాయి. అదీ ఇదీ ఒకటేనా?

రాజురా కెమిస్ట్రీ సార్:
మిర్చి బాబూ, మీరు తాగేది సైడర్‌కి తర్వాతి జన్మ. యాపిల్ రసంలో చక్కెరను ఈస్ట్ తిని మద్యం చేస్తుంది, అది సైడర్. దానికి గాలి తగలనిస్తే ఎసిటిక్ బ్యాక్టీరియా చేరి మద్యాన్ని వెనిగర్‌గా మారుస్తుంది. సైడర్ చేసేవాళ్ళు పీపా మూతి దాకా నింపి గాలి చొరకుండా చూసుకునేది ఇందుకే. పళ్ళ విషయం మాత్రం నవ్వులాట కాదు, ఆ ఆమ్లం ఎనామిల్‌ని తినేస్తుంది. తాగాలనుంటే బాగా పల్చన చేసుకుని తాగి నోరు పుక్కిలించండి.

పాతకాపు గారు చెప్పిన వగరుకు ఒక లెక్క ఉంది. బ్రిస్టల్ దగ్గర లాంగ్ ఆష్టన్ పరిశోధన కేంద్రంలో బార్కర్ అనే ఆయన 1903లో సైడర్ యాపిల్స్‌ని నాలుగు జాతులుగా విడగొట్టాడు. ఆమ్లం 0.45 శాతం దాటితే పుల్లవి. టానిన్, అంటే వగరు, 0.2 శాతం దాటితే చేదువి. రెండూ దాటితే చేదు పులుపు, కింగ్‌స్టన్ బ్లాక్ ఆ జాతి. వగరు దాటి ఆమ్లం తక్కువగా ఉంటే చేదు తీపి, డాబినెట్ అది. రెండూ తక్కువైతే ఉత్త తీపి. మనం తినే యాపిల్‌లో టానిన్ బాగా తక్కువ, అందుకే దాంతో చేస్తే నీళ్ళగా, నోట్లో నిలవకుండా ఉంటుంది. చాలాచోట్ల రెండు మూడు జాతుల రసాలు కలిపి పులుపూ వగరూ సరిపెడతారు.

ఘాటు ఎంత వస్తుందో ముందే అంచనా వేసుకోవచ్చు. రసం సాంద్రత 1.050 ఉండి చక్కెరంతా పులిసిపోతే సుమారు 6.5 శాతం.

కిన్వట్ గౌడ్:
పాతకాపు అన్నా, బాగా రాసిండ్రు. మాది గీతపని ఇల్లు, నాయన ఇప్పటికీ మోకు కట్టి ఎక్కుతడు. నాకు రెండు అనుమానాలు.

ఒకటి, వాళ్ళు ఈస్ట్ కలుపుతరా, లేక కల్లు లెక్క దానంతటదే పులుస్తదా? రెండు, ఎన్ని రోజులు ఆగుతది? మా కల్లు తెల్లారి దించినప్పుడు తియ్యగా ఉంటది, పదిగంటలకు సరిగ్గా ఉంటది, పొద్దుగూకేసరికి పుల్లగైతది. మర్నాడు పారబోసుడే. నీరా, అంటే పులవని తియ్యటి రసం, కావాలంటే లొట్టి (కల్లు కుండ) లోపల సున్నం పూయాలె, లేకుంటే చెట్టు మీదనే పులుపు ఎక్కుతది.

బల్లార్షా పాతకాపు:
గౌడ్ తమ్ముడూ, ఆ ఆసామి బయటి ఈస్ట్ ఏమీ వెయ్యడు. పండు మీదా ప్రెస్ మీదా ఉన్నదే చాలంటాడు. పెద్ద కంపెనీలు మాత్రం సల్ఫైట్ వేసి అడవి ఈస్ట్‌ని అణచి, తమకు కావలసిన ఈస్ట్ కలుపుతాయట. అక్టోబరులో పీపాలో పోసింది చలికాలమంతా మెల్లగా పులిసి వసంతానికి తాగడానికి వస్తుంది. మేం తాగింది అంతకుముందు ఏడాది సరుకు.

రాజురా కెమిస్ట్రీ సార్:
గౌడ్ గారూ, మీ రెండో ప్రశ్నలోనే అసలు తేడా ఉంది. తాటి రసంలో చక్కెర యాపిల్ రసానికి ఏమీ తీసిపోదు, 10 శాతం పైమాటే. కానీ చెట్టు నుంచి వచ్చేటప్పుడు దానికి పులుపు ఉండదు, పీహెచ్ దాదాపు 7 (ఈ అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ). అందులో ఈస్టూ బ్యాక్టీరియా రెండూ ఒకేసారి పడి తింటాయి. పైగా మన ఎండ. యాపిల్ రసం పీహెచ్ 3.3 నుంచి 3.8 మధ్య ఉంటుంది. ఆ పులుపులో చాలా బ్యాక్టీరియా నిలవలేదు, ఈస్ట్ ఒక్కటే నింపాదిగా పనిచేసుకుంటుంది. అక్కడి చలి దాన్ని ఇంకా నెమ్మది చేస్తుంది. మనవాళ్ళకు ఓపిక లేక కాదు, మన చెట్టు ఆగనివ్వదు.

కిన్వట్ గౌడ్:
ఇది మా నాయనకు చదివి వినిపించిన సార్. ‘ఆగేదైతే పొద్దుమాపు రెండుసార్లు చెట్టెందుకు ఎక్కుత’ అన్నడు.

రుచి చూసే తీరు గురించి ఒక మాట. మా మండువలో, అంటే కల్లు తాగే చోట, కూడా తెలిసినోళ్ళు ఊరికే తాగరు. ఇది పోద్దాటిదా (మగతాడు), పండుతాటిదా (ఆడతాడు), ఈతదా అని వాసనతోనే చెప్తరు. ఈత కల్లు చలికాలం బాగుంటది, ఎండాకాలం తాటిది. పక్కన గుడాలో, వేయించిన చేపో ఉండాలె. ఆ చీజ్ ముక్క సంగతి చదివితే అదే గుర్తొచ్చింది.

సిరోంచ వదిన:
అన్నయ్యా, మీ పోస్టు ఆసక్తిగానే చదివాను, తోట భాగం చాలా నచ్చింది. కానీ గడ్చిరోలి జిల్లాలో కూర్చుని చదివేదాన్ని కాబట్టి ఒక మాట అనక తప్పదు. మా జిల్లాలో 1993 నుంచీ మద్యనిషేధం. వార్ధాలో 1970ల నుంచే. మీ చంద్రపూర్‌లో ఆడవాళ్ళు ఏళ్ళ తరబడి తిరిగితే 2015 ఏప్రిల్ 1న వచ్చింది, 2021లో ఎత్తేశారు. చిన్న గ్లాసులు, పూలవాసన, చీజ్ ముక్క, ఇదంతా డబ్బూ తీరికా ఉన్నవాళ్ళ తాగుడు. మా వాడలో తాగుడు అంటే శనివారం కూలి ఇంటికి రాకపోవడం. ఇప్పసారా పాకెట్టుకు రుచి ఎవరు చూస్తారు?

ధర్మాబాద్ మిర్చి:
వదినా, నిషేధం ఉన్నా గోదావరి వంతెన దాటితే తెలంగాణే కదా. సాయంత్రం వంతెన మీద రద్దీ పుణ్యానికేనా, కాళేశ్వరం దర్శనానికేనా?

సిరోంచ వదిన:
మిర్చి తమ్ముడూ, దాటేవాళ్ళు దాటుతారు. వంతెన దాటడానికి బండి కావాలి, పెట్రోలు కావాలి, మా కొంగు ముడిలోంచి డబ్బు లాక్కోవాలి. ఇంటి పక్కనే దుకాణం ఉండటానికీ దానికీ తేడా ఎంతో ఆడవాళ్ళని అడుగు, చెబుతారు. నిషేధంతో అంతా ఆగిపోయిందని నేను అనలేదు. దొంగసారా ఉంది, పట్టించినవాళ్ళ మీద దౌర్జన్యాలూ ఉన్నాయి. అయినా ఎత్తెయ్యమని మా సంఘంలో ఒక్కరు కూడా అనరు.

బల్లార్షా పాతకాపు:
చెల్లెమ్మా, మీ మాట కాదనను. ఆ సైడర్ చరిత్రలోనూ మీరు చెప్పే సంగతే ఉంది. హెర్‌ఫర్డ్‌లో సైడర్ మ్యూజియం ఉంది, అక్కడ చిన్న చెక్క బుర్రలు చూశాను, భుజాన తగిలించుకునేవి. ఒకప్పుడు పొలం కూలీలు పొద్దున్నే వాటిలో సైడర్ నింపించుకుని పనిలోకి వెళ్ళేవాళ్ళు. అది రైతు ప్రేమతో పోసింది కాదు, కూలిలో భాగం. డబ్బు తక్కువ, సైడర్ ఎక్కువ. కోతలప్పుడు ఇంకా ఎక్కువ పోసేవాళ్ళు. కూలికి బదులు మద్యం ఇవ్వడాన్ని 1887లో చట్టం చేసి ఆపారు. అదే ఏడాది హెర్‌ఫర్డ్‌లో బుల్మర్ అనే సైడర్ కంపెనీ మొదలైంది, అది వేరే కథ.

సిరోంచ వదిన:
అదిగో, చూశారా! కూలి డబ్బుల్లో మద్యం కలిపే తెలివి అన్ని దేశాల ఆసాములకూ ఉందన్నమాట. ఈ ముక్క మా సంఘం మీటింగులో చెబుతాను.

ఇంకో సందేహం. అంతమంది కార్లలో వచ్చి తాగుతారు కదా, తిరిగి ఎలా వెళ్తారు?

బల్లార్షా పాతకాపు:
మా అమ్మాయి నడిపింది కాబట్టి తను ఉత్త యాపిల్ రసమే తాగింది. వాళ్ళ హద్దు మనకంటే సడలింపుగా ఉంటుంది. ఇంగ్లాండులో 100 మిల్లీలీటర్ల రక్తంలో 80 మిల్లీగ్రాములు, మన దేశంలో 30. కానీ అక్కడ దొరికితే లైసెన్సు పోతుంది, బతిమాలితే వదిలెయ్యరు. అందుకే ఇంటికొకరు తాగకుండా ఉంటారు.

అహేరి టు పూణె:
లేటుగా వచ్చాను, సారీ. అంకుల్, మీది ఇంగ్లీషు పద్ధతి. ఆఫీసు పని మీద స్పెయిన్ వెళ్ళినప్పుడు బాస్క్ ప్రాంతంలో, సాన్ సెబాస్టియన్ పక్కన అస్తిగర్రాగా అనే ఊళ్ళో సైడర్ ఇల్లు చూశాను. సగర్దోతెగి అంటారు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా సీజన్. గోడ వెంట ఏనుగంత పీపాలు. తింటూ ఉండగా ఒకాయన ‘చోచ్’ అని కేకేస్తాడు. అంతే, పళ్ళెం ముందు ఎవరూ ఉండరు, అందరూ గ్లాసు పట్టుకుని పీపా దగ్గరికి. చిన్న కుళాయి తిప్పగానే సన్నటి ధార దూరంగా ఎగిరి పడుతుంది. మనం గ్లాసు వాల్చి దాని అంచుకు పట్టాలి, మనం పట్టగానే వెనకవాడు కింద పట్టాలి. నాది సగం బూటు మీదే పడింది. పట్టేది రెండు వేళ్ళంత, వెంటనే తాగెయ్యాలి. తిండి కాడ్ చేప ఆమ్లెట్, బొగ్గుల మీద కాల్చిన పెద్ద మాంసం ముక్క, చివర చీజ్, అక్రోట్లు. మెనూ అడగరు, అందరికీ అదే.

అదే స్పెయిన్‌లో ఆస్టురియాస్ అనే ప్రాంతంలో ఇంకో విద్య. సీసా తలపైకి ఎత్తి, గ్లాసు నడుము కింద పట్టి, చూడకుండా పోస్తారు. అంత ఎత్తునుంచి పడితేనే దానికి ఊపిరి వస్తుందంటారు. ఆ సైడర్ సంస్కృతిని 2024లో యునెస్కో తన జాబితాలో చేర్చింది. ఇంగ్లీషు సైడర్‌లో వగరు ముందు తగులుతుంది, స్పెయిన్‌దాంట్లో పులుపు. నాకు పులుపే నచ్చింది, పచ్చిపులుసు తిని పెరిగిన నాలుక కదా.

మన దగ్గర రుచి చూడాలంటే పూణెలో మూన్‌షైన్ మీడరీ ఉంది. అసలు వాళ్ళది తేనెతో చేసే మీడ్, దాంట్లో యాపిల్ రసం కలిపిన రకం కూడా చేస్తారు. సైడర్ వాసన తెలుస్తుంది, అచ్చం సైడర్ అనలేం.

కిన్వట్ గౌడ్:
ఎత్తునుంచి పోసుడు మాకూ ఉంది తమ్మీ. ఆకు దొప్పలో పోస్తే నురగ లేవాలె. నురగ లేవని కల్లు మీద మాకు అనుమానం.

రాజురా కెమిస్ట్రీ సార్:
అనుమానం అంటే గుర్తొచ్చింది. ఇంగ్లాండులో డెవన్ అనే జిల్లాలో ఒకప్పుడు సైడర్ తాగేవాళ్ళకు భరించలేని కడుపునొప్పి, చేతులు పడిపోవడం ఉండేది. పులుపు ఎక్కువై అనుకున్నారు. 1767లో జార్జ్ బేకర్ అనే డాక్టరు అసలు కారణం సీసం అని తేల్చాడు. ప్రెస్సుల్లో అతుకులకు సీసం వాడేవాళ్ళు, పుల్లటి రసం దాన్ని కరిగించుకునేది. తోటల యజమానులు ఆయన మీద మండిపడ్డారు. కల్లులో క్లోరల్ హైడ్రేట్, డయాజెపామ్ లాంటి మత్తుమందులు కలిపేవాళ్ళ గురించి మాట్లాడినా మనవాళ్ళకు కోపం వస్తుంది.

కిన్వట్ గౌడ్:
నాకు కోపం రాదు సార్. చెట్లు పదుంటే వంద చెట్ల కల్లు అమ్మేటోడి సంగతి ఊరందరికీ ఎరుకే. చెట్టు కింద నిలబడి దించంగ తాగితే ఆ భయం లేదు. మీ ఆసామి తోటలోనే అమ్మినట్టు.

ధర్మాబాద్ మిర్చి:
సరే గానీ, మనం ఇక్కడే యాపిల్ సైడర్ తియ్యలేమా? తెలంగాణలో కెరమెరి మండలం ధనోరాలో ఒక రైతు యాపిల్ పండించాడు కదా. మన బార్డరు నుంచి ఎంత దూరం?

రాజురా కెమిస్ట్రీ సార్:
అది హెచ్‌ఆర్‌ఎంఎన్-99 అనే రకం. హిమాచల్‌లో బిలాస్‌పూర్ జిల్లా రైతు హరిమన్ శర్మ తయారుచేశారు. చలి ఎక్కువ అక్కర్లేకుండా కాస్తుంది కాబట్టే మన వేడిలోనూ పండింది. కానీ అది తినే యాపిల్. వగరు లేదు, పైగా మన దగ్గర ఎండాకాలంలో కోతకొస్తుంది. 42 డిగ్రీల్లో రసం పులియబెడితే ఏమవుతుందో గౌడ్ గారి నాన్నగారిని అడగండి.

అడ్మిన్:
చర్చ బాగుంది, ఒక్క హెచ్చరిక. మహారాష్ట్రలో లైసెన్సు లేకుండా మద్యం తయారుచెయ్యడం నేరం, ఇంట్లో తాగడానికైనా సరే. తయారీ కొలతలు, పద్ధతులు అడిగే పోస్టులు తీసేస్తాం. రుచి, చరిత్ర, ప్రయాణం ఎంతైనా రాసుకోండి.

సిరోంచ వదిన:
అడ్మిన్ గారికి థాంక్స్. అన్నయ్యా, ఆ పులియని రసం సంగతి చెప్పండి. మీ అమ్మాయి తాగింది. అది నిలవ ఉంటుందా? ఉత్త రసం అమ్మితే ఇక్కడ ఎవరికీ అభ్యంతరం ఉండదు.

బల్లార్షా పాతకాపు:
ఉంటుందమ్మా. సీసాల్లో పోసి, వేడినీళ్ళ తొట్టిలో 75 డిగ్రీల దగ్గర అరగంట ఉంచి మూత బిగిస్తాడు. తెరవకపోతే ఏడాది పైనే ఉంటుందన్నాడు. సైడర్ కంటే దాని మీదే తనకు నాలుగు డబ్బులు మిగులుతాయని కూడా అన్నాడు, పిల్లలున్నవాళ్ళు పెట్టెలు పెట్టెలు కొంటారట. మా ఆవిడకైతే ఆ రసం తప్ప అక్కడ ఇంకేదీ నచ్చలేదు.

అహేరి టు పూణె:
అంకుల్, షుగరు ఉన్నవాళ్ళకు ఏది ఫర్వాలేదు? మా నాన్న అడగమన్నారు.

రాజురా కెమిస్ట్రీ సార్:
డాక్టర్ని అడగమనండి బాబూ. నేను చెప్పగలిగింది ఇదే. పూర్తిగా పులిసినదాంట్లో చక్కెర దాదాపు ఉండదు, తీపి సైడర్‌లో మాత్రం కూల్‌డ్రింకుకు దగ్గరగా ఉంటుంది. మద్యం ఎలాగూ మందులతో పేచీ పెడుతుంది. పెర్రీలో సార్బిటాల్ అనే తీపి పదార్థం ఉంటుంది, ఈస్ట్ దాన్ని తినలేదు. పాతకాపు గారికి కొసన తగిలిన తీపి అదే. కాస్త ఎక్కువ తాగితే పొద్దున్న కడుపు ఖాళీ అయిపోతుంది.

బల్లార్షా పాతకాపు:
సార్, ఆ మాట ముందే చెప్పాల్సింది. తిరుగు ప్రయాణంలో బర్మింగ్‌హామ్ రోడ్డు మీద కారు ఆపించాల్సొచ్చింది, నేను చీజ్‌ని అనుమానించాను.

ధర్మాబాద్ మిర్చి:
హహహ! కాకా, కస్టమ్స్‌లో రెండు లీటర్ల దాకా తెచ్చుకోనిస్తారు కదా. పెర్రీ తెచ్చారా లేదా? నేను రేపే నందిగ్రామ్ ఎక్స్‌ప్రెస్‌కి టికెట్ చూస్తున్నా.

బల్లార్షా పాతకాపు:
రెండు సీసాలు తెచ్చాను. ఒకటి అల్లుడి వాళ్ళ నాన్న పట్టుకెళ్ళారు. రెండోది సార్ చెప్పిందంతా చదివాక మా ఆవిడ బీరువాలో పెట్టి తాళం వేసింది. టికెట్ తీసుకునేముందు ఆవిడకి ఫోన్ చెయ్యి.